నిలిచిన స్వరము – కలిగిన విడుదల

 

ఈ దినము ఒక వాయిద్యమును గూర్చి, దానిమీద నేర్చుకొనే ఒక చిన్న పాఠమును గూర్చి మీతో మాట్లాడదలచాను. వాయిద్యము పేరు శాక్సోఫోన్. పాఠము పేరు సస్పెండెడ్ కార్డ్, అనగా నిలిపి ఉంచిన స్వరముల కూర్పు. "పాస్టరు గారూ, వాక్యము చెప్పవలసిన చోట శాక్సోఫోన్ ఎందుకండీ?" అని కొందరు అడుగుదురు. అడగవలసిన ప్రశ్నే. కారణము చెప్పుతాను, వినండి.

మన సంఘములలో యవ్వనస్థులు కొందరు పెళ్లి బ్యాండులలో పని చేయుచున్నారు. శనివారము రాత్రి బారాత్ ముందు నడిచి, పెదవులు వాచేవరకు వాయించిన పిల్లవాడు ఆదివారము ఉదయము స్నానము చేసి ఆరాధనకు వస్తాడు. వాయిద్యమును మాత్రము ఇంటిలోనే విడిచి వస్తాడు. తెమ్మని అతనితో ఎవరూ చెప్పరు. కొన్నిచోట్ల తేవద్దనే చెప్పుతారు. "అది పెళ్లి బాజా, సినిమా బూర. మనకు హార్మోనియము ఉన్నది, కీబోర్డు ఉన్నది, చాలదా?" అంటారు. ఆ మాట న్యాయమైనదో కాదో తేల్చుకొనుటకు ముందు కొంత చరిత్ర తెలిసికొనుట మంచిది. చరిత్ర తెలియకుండా తీర్పు చెప్పితే మన అలవాటునే దేవుని ఆజ్ఞ అనుకొనే ప్రమాదమున్నది.

రెండు వాయిద్యములు, ఒకే పట్టణము

ప్రియులారా, మన ఆరాధనలో హార్మోనియమును పరాయిది అనువారు ఈనాడు ఎవరున్నారు? అది మన తాతలనాటిది, మన పాటలకు తోడబుట్టినది అన్నట్టే చూస్తాము. అయితే అది ఎక్కడ పుట్టినది? ఫ్రాన్సు దేశములో, పారిస్ పట్టణములో. అలెగ్జాండర్ డెబెన్ అను ఆయన 1842లో ఆ పేరుతో దానికి పేటెంటు పొందాడు. తరువాత అది ఓడలెక్కి కలకత్తాకు వచ్చినది. అక్కడ ద్వారకానాథ్ ఘోష్ అను వాయిద్యముల తయారీదారుడు, కాళ్లతో తొక్కవలసిన దానిని నేలమీద కూర్చుండి ఒక చేతితో గాలి ఊదుకొనే పెట్టెగా మార్చాడు. అప్పుడది మనదైనది.

అంత సులువుగా కూడ కాలేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును తన కార్యక్రమములనుండి బహిష్కరించినది. మన గమకములు ఆ మీటల మీద పలుకవు, అది విదేశీ వాయిద్యము అని పండితులు వాదించారు. ఆ నిషేధము సడలినది 1971లో. అనగా ముప్పది ఏండ్లు రేడియో వాకిట హార్మోనియమునకు చోటు లేదు. ఆ కాలమంతా మన గుడులలో అది వాగుచునే ఉన్నది. రేడియో వద్దన్నదానిని గుడి ఉంచుకొన్నది.

ఇప్పుడు శాక్సోఫోన్ సంగతి చూడండి. బెల్జియము దేశములోని దినాన్ అను ఊరిలో 1814లో అడాల్ఫ్ సాక్స్ పుట్టాడు. తండ్రి వాయిద్యములు తయారుచేయువాడు. బాలుడుగా మేడమీదనుండి పడుట, సూది మింగుట, కాలిన గాయములు, నీటిలో కొట్టుకొనిపోవుట – ఇన్ని ప్రమాదములనుండి బ్రతికి బయటపడ్డాడని అతని జీవితచరిత్రలో చెప్పుదురు. అతడు పారిస్ చేరినది 1842లో, హార్మోనియమునకు పేటెంటు వచ్చిన ఆ సంవత్సరమే. 1845 ఏప్రిల్ 22న పారిస్‌లోని షాం ద మార్స్ మైదానములో పాత సైనిక బ్యాండునకు, సాక్స్ వాయిద్యములతో కూడిన బ్యాండునకు బహిరంగ పోటీ జరుగగా జనులు సాక్స్ వైపే మొగ్గారు. 1846 జూన్ 28న శాక్సోఫోన్‌కు పేటెంటు వచ్చినది.

ఆ మనుష్యుడు సుఖపడినాడా? లేదు. పోటీదారులు కోర్టు వ్యాజ్యములతో అతనిని అలసిపోజేశారు. 1852లోను, 1873లోను, 1877లోను దివాలా తీశాడు. పెదవికి పుండు వచ్చి కొన్ని సంవత్సరములు బాధపడి కోలుకొన్నాడు. ఊదే వాయిద్యము చేసినవానికి పెదవికే జబ్బు! 1894లో పేదవాడుగానే చనిపోయాడు. అతడు కన్న బిడ్డ మాత్రము లోకమంతా తిరుగుచున్నది.

కాబట్టి గమనించండి. హార్మోనియము, శాక్సోఫోన్ రెండును ఒకే పట్టణములో, నాలుగు సంవత్సరముల తేడాతో నమోదైన వాయిద్యములు. ఒకటి పరిశుద్ధమైనది, రెండవది లోకసంబంధమైనది అని మనము ఎక్కడనుండి తీర్పు తెచ్చుకొన్నాము?

మన ప్రాంతమునకు వచ్చిన దారి

ఫ్రాన్సు అనగానే జగిత్యాల వారికి తమ కోట గుర్తురావలెను. నక్షత్రపు ఆకారములో ఉన్న ఆ కోటను 18వ శతాబ్దములో ఫ్రెంచి ఇంజనీర్ల సహాయముతో కట్టారని, వారి పేర్లమీదనే ఊరికి పేరు వచ్చినదని మనవారు చెప్పుకొంటారు. ఆ పేర్ల కథ ఎట్లున్నను, పరాయివాని చేతిపని మన ఊరి గుర్తుగా మారుట మనకు క్రొత్త కాదు.

ఊదే వాయిద్యములు మన దేశమునకు సైన్యముల వెంట వచ్చినవి. సికింద్రాబాదు కంటోన్మెంటువంటి చోట్ల తెల్లదొరల రెజిమెంట్లకు బ్యాండులుండేవి. రాజులు, నవాబులు చూచి తమకూ బ్యాండులు పెట్టుకొన్నారు. మీరట్‌లోని జాలీ కోఠీ అను పేట బ్యాండు వాయిద్యముల తయారీకి పేరుపొందినది. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైనది. సైనికుని చేతిలోనిది పెళ్లి ఊరేగింపునకు వచ్చినది. సన్నాయి, డోలు, డప్పు ఉన్న వాకిటిలో క్లారినెట్టు, ట్రంపెట్టు, శాక్సోఫోన్ వచ్చి నిలిచినవి. గోవాలో పారిష్ పాఠశాలలలో పాశ్చాత్య స్వరలిపి చదువ నేర్చుకొన్న క్రైస్తవ వాద్యకారులు బొంబాయి హోటళ్లకు, సినిమా వాద్యబృందములకు వెళ్లారు. బ్రాజ్ గొన్సాల్వెస్ అను గోవా శాక్సోఫోన్ విద్వాంసుడు ఆ పరంపరలోనివాడే. సినిమా సంగీతములో సంఘము నేర్పిన చదువు కూడ ఉన్నది, మరువకండి.

ఇంకొక దారిన మిషనరీలు వచ్చారు. మన కరీంనగర్, మెదక్ ప్రాంతములలో పని చేసినవారు వెస్లియన్ మెథడిస్టులు. ఆరువేలకు మించిన కీర్తనలు రచించిన చార్లెస్ వెస్లీ వారసులు వారు. వారు తెచ్చిన ఇంగ్లీషు పాటలు నాలుగు గొంతుకలతో, నాలుగు వరుసలుగా పాడేవి. ఇటు పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) మొదలైన మన భక్తులు కర్ణాటక రాగములలో కీర్తనలు వ్రాశారు. మన పాటల పుస్తకము తెరచి చూడండి. అనేక పాటలపైన రాగము పేరు, తాళము పేరు ముద్రించి ఉండును. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ రెండు నీళ్లును ఒకే చెరువులో చేరినవి. ఒకటి రాగము, అనగా ఒంటరి స్వరపు నడక. రెండవది హార్మొనీ, అనగా ఒకేసారి పలికే స్వరముల పొందిక. నేను చెప్పబోయే పాఠము ఈ రెండు నీళ్లు కలిసే చోట ఉన్నది.

నిలిపి ఉంచిన స్వరము అనగా ఏమి?

మేజర్ కార్డ్ అంటే మూడు స్వరములు: స, గ, ప. ఇంగ్లీషు పేర్లతో సి, ఇ, జి. ఇందులో మధ్యనున్న గాంధారమే ఆ కూర్పు సంతోషమో దుఃఖమో చెప్పును. ఆ గాంధారమును తీసివేసి దాని స్థానములో మధ్యమమును పెట్టితే స, మ, ప అగును. దానిని సస్ ఫోర్ అందురు. రిషభమును పెట్టితే స, రి, ప. అది సస్ టూ. గాంధారము లేదు గనుక సంతోషమా, దుఃఖమా అని చెవి తేల్చుకొనలేదు. మధ్యమము క్రిందనున్న గాంధారమునకు అర స్వరము ఎత్తులో నిలిచి, "ఇంకా రాలేదు, ఇంకా రాలేదు" అన్నట్టు ఉండును. తరువాత అది గాంధారము మీదికి దిగినప్పుడు, తలమీది మోపు దించినట్టు చెవికి నెమ్మది కలుగును.

మీకు తెలిసిన ఉదాహరణ చెప్పుతాను. ఇంగ్లీషు పాట చివర పియానో మీద "ఆమేన్" అని రెండు కార్డులలో పాడుట వినియున్నారు గదా. అందులో లోపలి గొంతుక ఒకటి మధ్యమమునుండి గాంధారమునకు దిగును. సస్ ఫోర్ దిగే మెట్టు అదే. మీరు చిన్ననాటినుండి ఆ మెట్టు దిగుచునే ఉన్నారు, పేరు మాత్రము తెలియదు.

ఈ విద్య సినిమాలో పుట్టలేదు, క్లబ్బులో పుట్టలేదు. 15, 16 శతాబ్దముల యూరపు గుడులలో, గాయక బృందముల నడుమ పెరిగినది. ఇటలీ దేశస్థుడైన జార్లీనో 1558లో వెనిస్‌లో ముద్రించిన సంగీత శాస్త్ర గ్రంథములో దీని నియమములను చర్చించాడు. 1725లో వియన్నాలో యోహాన్ యోసెఫ్ ఫుక్స్ వ్రాసిన పాఠ్యగ్రంథములో నాలుగవ తరగతి అభ్యాసమంతా దీనికొరకే. ఆ నియమము మూడు మెట్లుగా ఉన్నది. నేను దానిని మూడు మాటలలో చెప్పుతాను: సిద్ధపాటు, నిలుపుదల, విడుదల.

మొదటిగా, సిద్ధపాటు. పొసగని స్వరము ఉన్నట్టుండి రాకూడదు. ముందటి కూర్పులో అది ఇంటివానివలె పొసగి ఉండవలెను. ముందు స్నేహితుడుగా వినబడినవాడే తరువాత పరాయివానివలె వినబడును.

రెండవదిగా, నిలుపుదల. క్రింది స్వరములన్నీ మారిపోవును. ఈ ఒక్క స్వరము మాత్రము కదలకుండా నిలుచును. అది మారలేదు, చుట్టునున్నవి మారినవి. అందుచేత ఒరిపిడి పుట్టును. ఆ ఒరిపిడి తాళములో బలమైన దెబ్బమీద పడవలెనని శాస్త్రము. దాచిపెట్టకూడదు, వినబడవలెను.

మూడవదిగా, విడుదల. నిలిచిన స్వరము ఒక్క మెట్టు క్రిందికి దిగవలెను. ఎగిరి దూకకూడదు, ప్రక్కకు తప్పించుకొనకూడదు. తగ్గించుకొని ప్రక్క మెట్టు మీదికి దిగవలెను.

ప్రియులారా, అపశ్రుతిని గుడినుండి వెళ్లగొట్టక, దానికి చోటిచ్చి, దానికి మర్యాద నేర్పినవారు పూర్వపు సంఘ సంగీతజ్ఞులు. ఈ ఒక్క మాట మన పెద్దలు మనస్సునకు తెచ్చుకొనవలెను.

విడుదల రాని కూర్పులు

ఇరువదవ శతాబ్దము వచ్చేసరికి అమెరికాలోని నల్లజాతి వాద్యకారులు ఒక క్రొత్త ప్రశ్న అడిగారు. నిలిచిన స్వరము తప్పక దిగవలెనా? అట్లే నిలిచి ఉంటే ఏమి? 1965లో హెర్బీ హాన్‌కాక్ అను పియానో విద్వాంసుడు "మెయిడెన్ వాయేజ్" అను రచనను ఇటువంటి కూర్పుల మీదనే కట్టాడు. ఓడ తొలి ప్రయాణము దాని భావము. కార్డులు తీరము చేరక నీటిమీద తేలుచుండును. దానిపై టెనర్ శాక్సోఫోన్ ఊదినవాడు జార్జి కోల్‌మన్.

జాన్ కోల్ట్రేన్ (1926–1967) సంగతి కూడ చెప్పవలెను. ఆయన తల్లిగారి తండ్రి మెథడిస్టు పరంపరలోని ఒక నల్లజాతి సంఘములో పాదిరి. కోల్ట్రేన్ మత్తుపదార్థములకు, త్రాగుడునకు బానిసయై ఉద్యోగము పోగొట్టుకొని, 1957లో ఆ కట్లనుండి బయటపడ్డాడు. అది దేవుని కృపవలన జరిగినదని తానే వ్రాసుకొన్నాడు. 1964 డిసెంబరులో దేవునికి కృతజ్ఞతగా "ఎ లవ్ సుప్రీమ్" అను నాలుగు భాగముల రచన రికార్డు చేశాడు. రెండవ భాగము పేరు రిజల్యూషన్, అనగా విడుదల అని కూడ అర్థము చెప్పుకొనవచ్చును. నాలుగవ భాగము పేరు సామ్, అనగా కీర్తన. తాను వ్రాసుకొన్న ప్రార్థనలోని మాటలను ఒక్కొక్కటిగా, నోట పలుకకుండ, శాక్సోఫోన్‌తోనే పలికించాడు. ఆయన నమ్మినదంతా మనము నమ్మేదేనని నేను చెప్పను. కాని ఆ వాయిద్యము ప్రార్థన చేయగలదు అనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

మన రాగములో గాంధారము లేదు

"ఇది పాశ్చాత్యుల విద్య, మన పాటలకు పొసగదు" అనువారికి ఒక సంగతి. మధ్యమావతి రాగము మీకు తెలియును. ఆరోహణలో స రి మ ప ని స, అవరోహణలో స ని ప మ రి స. వెదకి చూడండి, ఇందులో గాంధారము లేదు. ఉన్నవి సస్ టూలోని స రి ప, సస్ ఫోర్‌లోని స మ ప, వాటికి తోడు నిషాదము. పాశ్చాత్యుడు "ఇంకా ముగియలేదు" అని వినే స్వరములతోనే మన పెద్దలు కచేరీ చివర మంగళము పాడుతారు. ఒకరి చెవికి నిరీక్షణ, మరియొకరి చెవికి నెమ్మది. స్వరములు అవే. తంబుర శ్రుతి కూడ చూడండి. షడ్జము, పంచమము. ఆ రెంటిమీద మధ్యమమైనా, రిషభమైనా చక్కగా నిలుచును. మీ పాటల పుస్తకములో మధ్యమావతి అని వ్రాసిన పాట దొరికితే, దానికి గాంధారమున్న మేజర్ కార్డు మోపకండి. సస్ కార్డు పెట్టి చూడండి, రాగము చెడదు.

శాక్సోఫోన్ మీద మన గమకములు పలుకవు అనే మాటకు జవాబు చెప్పినవాడు కద్రి గోపాల్‌నాథ్. దక్షిణ కన్నడ జిల్లాలో 1949లో నాదస్వర విద్వాంసుని ఇంట పుట్టాడు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాయిద్యమును విని మనసు పడ్డాడు. కర్ణాటక సంగీతమునకు అది లొంగుటకు సుమారు 20 సంవత్సరముల సాధన పట్టినది. వాయిద్యములో కొన్ని మార్పులు కూడ చేసికొన్నాడు. 1994లో "డ్యూయెట్" సినిమాతో ఇంటింటికీ ఆయన ధ్వని చేరినది. ఆ సంవత్సరమే లండన్‌లోని బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవములో వాయించాడు. 2004లో పద్మశ్రీ వచ్చినది. 2019 అక్టోబరు 11న మంగళూరులో కన్నుమూశాడు. రేడియో హార్మోనియమును ఏ మాట చెప్పి బయటపెట్టినదో, ఆ మాటకే ఒక మనుష్యుడు ఇరువది ఏండ్ల ఊపిరితో జవాబు చెప్పాడు.

యవ్వనస్థులకు పాఠము

ఇప్పుడు బ్యాండులో వాయించే తమ్ముళ్లతో నేరుగా మాట్లాడుతాను. శాక్సోఫోన్ సాధారణముగా ఒక ఊపిరికి ఒక స్వరమే పలుకును. కీబోర్డువలె మూడు ఒకేసారి నొక్కలేవు. మరి కార్డు ఎట్లు వాయించాలి? మూడు మార్గములున్నవి. ఒకటి, మూడు స్వరములను వరుసగా ఒకదాని వెంట ఒకటి ఊదుట. రెండు, ముగ్గురు కలిసి తలా ఒక స్వరము పట్టుకొనుట. మూడు, కీబోర్డు వాయించేవాడు గాంధారము వదలి స, ప మాత్రము పట్టుకొనగా, నీవు మధ్యమమును నిలిపి, తరువాత గాంధారమునకు దించుట. గుడిలో ఈ మూడవదే మేలు.

శ్రుతి సంగతి జాగ్రత్త. ఆల్టో శాక్సోఫోన్ మీద నీవు సి అని పట్టుకొన్నది బయటకు ఇ ఫ్లాట్‌గా వినబడును. టెనర్ మీద సి అన్నది బి ఫ్లాట్‌గా వినబడును. కాబట్టి పాట జి శ్రుతిలో, అనగా మనవారు ఐదు శ్రుతి అనేదానిలో ఉంటే, ఆల్టోవాడు ఇ లోను, టెనర్‌వాడు ఎ లోను వాయించవలెను. జి సస్ ఫోర్ స్వరములు జి, సి, డి. ఆల్టోవాని వ్రేళ్లకు అవి ఇ, ఎ, బి. టెనర్‌వాని వ్రేళ్లకు ఎ, డి, ఇ.

విడుదల మెట్టు దగ్గర చేయి తడబడును. ఆల్టో మీద ఎ నుండి జి షార్ప్‌నకు దిగుటకు ఎడమచేతి ఉంగరపు వ్రేలు, చిటికెన వ్రేలు ఒకేసారి పడవలెను. టెనర్ మీద ఇంకా కష్టము. డి కొరకు రెండు చేతుల ఆరు వ్రేళ్లు మూసి, బొటనవ్రేలితో ఆక్టేవ్ మీట నొక్కి ఉంచుతావు. సి షార్ప్ రావలెనంటే అవన్నీ ఒక్కసారి వదలివేయవలెను. ఒక్క వ్రేలు ఆలస్యమైనను మధ్యలో ఒక పిచ్చి కూత వచ్చును. గట్టిగా పట్టుకొనుట అందరూ త్వరగానే నేర్చుకొందురు. సరిగ్గా వదలుటకే నెలలు పట్టును.

అభ్యాసము ఇట్లు చేయుము. రీడు తడిపి, పొట్టనుండి ఊపిరి తీసికొని, మొదటి స్వరము నాలుగు లెక్కలు, నాలుగవ స్వరము ఎనిమిది లెక్కలు పట్టుము. ధ్వని పెంచకుము, వణకనీయకుము. పిమ్మట మెల్లగా దించి, మరి నాలుగు లెక్కలు ఊదుము. ఫోనులో తంబుర శ్రుతి పెట్టుకొంటే మరీ మంచిది. నిలిపిన స్వరము శ్రుతితో రాచుకొనే చోటు నీ చెవి పట్టుకొనవలెను. బారాత్‌లో అలవాటైన జోరు ఇక్కడ పనికిరాదు. తొందరపడి దిగితే విడుదలకు విలువ లేదు. దిగకుండా ఊపిరి అయిపోతే పాట తెగును.

ఇది మన బ్రతుకుతో చెప్పే మాట

ప్రియులారా, మన ప్రాంతము నిలుపుదల అంటే ఏమిటో ఎరిగినది. జగిత్యాల, కోరుట్ల పల్లెలలో ఎన్ని ఇండ్లలో భర్త గల్ఫ్‌లో, భార్య వాకిట బీడీలు చుట్టుచు ఫోను కొరకు ఎదురుచూచుట లేదు? కొన్ని ఇండ్లకు మనిషి తిరిగి వచ్చాడు. కొన్ని ఇండ్లకు పెట్టె వచ్చినది. సిరిసిల్లలో సాంచాలు ఆగిన దినములు, ఆర్డరు లేక, అప్పు తీరక నేతన్నలు ప్రాణములు తీసికొన్న సంవత్సరములు మనము మరువగలమా? తెగిన పోగును ముడివేసి మరల సాంచ నడిపించుట వారికి తెలియును. ముడివేయుటకు చేతిలో పోగే లేని దినము ఏమి చేయాలి?

అట్టి ఇంటికి వెళ్లి పాస్టరులమైన మనము ఏమి చేస్తాము? త్వరపడి గాంధారము వాయిస్తాము. "అంతా మేలుకే, ఏడువకండి" అని, దుఃఖము ఇంకా మొదలు కాకముందే దానిని ముగించ చూస్తాము. కీర్తనల గ్రంథము అట్లు చేయలేదు. అందులో "సెలా" అను మాట 71 మారులు, హబక్కూకు ప్రార్థనలో 3 మారులు వచ్చును. పాటలో ఆగుమని చెప్పే గుర్తుగా అనేకమంది పండితులు దానిని ఎంచుదురు. నూట ముప్పదియవ కీర్తనలో ఉదయము కొరకు కనిపెట్టు కావలివాడు ఉన్నాడు. అతడు రాత్రి లేదని చెప్పడు, తెల్లవారునని మాత్రము ఎరుగును. శుక్రవారపు సిలువకును ఆదివారపు సమాధికిని నడుమ ఒక శనివారమున్నది. శిష్యులు ఆ దినమును దాటివేయలేదు, దానిలో కూర్చున్నారు. రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయములో సృష్టి యావత్తు మూలుగుచు కనిపెట్టుచున్నదని అపొస్తలుడు వ్రాశాడు. కొన్ని స్వరములు ఈ లోకములో దిగవు. వాటిని పట్టుకొని, దుఃఖించువారి ప్రక్కన ఊపిరి ఉన్నంతసేపు నిలుచుటే సంఘము పని.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. ఆ బ్యాండు పిల్లవానిని గూర్చి. పెళ్లిలో అతడు అందరికన్న ముందు నడుచును, భోజనమునకు అందరికన్న వెనుక కూర్చుండును. ఊరు అతని పాట కావలెనన్నది, అతని ప్రక్కన కూర్చుండుట వద్దన్నది. డప్పు కొట్టిన మన తాతలకు జరిగినది వేరా? ఊరు వాకిట నిలిపినవారిని లోపలికి పిలిచిన సువార్తవలన కట్టబడిన సంఘము మనది. అట్టి సంఘమే వాద్యమును సాకుగా చెప్పి వాద్యకారుని సగము బయట నిలిపితే, మనము ఏ సువార్త విన్నట్టు? నూట యాబదియవ కీర్తన ఊదే వాయిద్యములను, తంతి వాయిద్యములను, మ్రోగే తాళములను వరుసపెట్టి పిలుచుచున్నది. ఆ జాబితాలో హార్మోనియము లేదు. అయినను మనము దానిని లోపలికి తెచ్చుకొన్నాము, మంచిదే చేశాము.

సంఘ పెద్దలారా, నా మనవి చిన్నది. వచ్చే నెలలో ఒక ఆదివారము ఆ తమ్ముని వాయిద్యముతో రమ్మనండి. జోరు వద్దు, సినిమా పాట వద్దు. కీర్తన చివర ఒక్క స్వరము నిలిపి, మెల్లగా దించమనండి. ఆ పాటకు ముందు అతని పేరు పెట్టి పిలువండి. ఆరాధన తరువాత సంఘ భోజనములో మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనండి. తమ్ముడా, నీకు కూడ మనవి. పిలిచే దినము వరకు సాధన మానకుము. పిలువకపోయినను మానకుము.

కనిపెట్టుకొను ప్రతి ఇంటిని, ఆగిన ప్రతి సాంచను, దూరదేశములోనున్న ప్రతి తండ్రిని, వాకిట నిలిచిన ప్రతి వాద్యకారుని ప్రభువు జ్ఞాపకము చేసికొనును గాక. నిలుచుటకు బలమును, తగిన కాలమున విడుదలను ఆయన మీకు దయచేయును గాక. ఆమేన్.